ఆన్‌లైను బైబిలు తరగతి - గురుశిష్యుల మర్యాద

గురువు ముఖము చూచి శిష్యుడును, శిష్యుని ముఖము చూచి గురువును మెలగుట మన దేశములో చిరకాలముగా వచ్చుచున్న విద్యా సంప్రదాయము. అర్థము కానప్పుడు శిష్యుని కనుబొమ ముడివడును. అది చూచి గురువు మరొకసారి చెప్పును. గురువు అలసినట్లు తోచినప్పుడు శిష్యుడు తన ప్రశ్నను రేపటికి దాచుకొనును. ఈ విధముగా సగము మర్యాద మాటతో పనిలేకుండ కంటిచూపుతోనే నడచిపోవుచుండెను. 2020వ సంవత్సరము మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినప్పుడు ఈ కంటిచూపు తెగిపోయినది. ఆ యేడు ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు పండుగనాడు కూడ చర్చిల తలుపులు మూసియే ఉన్నవి. విజయవాడలోను, కృష్ణా డెల్టా గ్రామములలోను ఆదివారపు ఆరాధనయు, వారము నడుమ జరుగు బైబిలు పఠనమును ఫోను తెరమీదికి మారినవి. ఆపద తీరిన పిదప చర్చిల తలుపులు తెరచినారు గాని, ఆ ఫోను తరగతులు మాత్రము అనేకములు నిలిచియే ఉన్నవి.

నిలుచుటకు కారణము లేకపోలేదు. డెల్టాలోని అనేక కుటుంబములలో ఒకరు దుబాయిలోనో, కువైటులోనో, అమెరికాలోనో ఉన్నారు. విజయవాడలో రాత్రి తొమ్మిది గంటలైనప్పుడు దుబాయిలో ఏడున్నర, కువైటులో ఆరున్నర. ఇక్కడ ఉదయము ఏడు గంటలైనప్పుడు అమెరికాలోని డాలసులో వేసవియందు ముందటి రాత్రి ఎనిమిదిన్నర, శీతకాలమున ఏడున్నర. ఒకే అధ్యాయమును గుడివాడలోని తల్లియు, కువైటులో ఇంటిపని చేయుచున్న కుమార్తెయు, డాలసులోని మనుమడును కలిసి చదువుకొను అవకాశమును ఎవరు వదులుకొందురు? కాని అవకాశము పెరిగినచోట అపార్థమును పెరుగును. ముఖము కనబడని తరగతిలో గురుశిష్యుల మర్యాద ఎట్లుండవలెనన్నది ఇక్కడ మనము విచారింపదగిన విషయము.

ఈ విషయములో రేడియో వారికి కొంత అనుభవము కలదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. నాటినుండి నేటివరకు స్టూడియోలో కూర్చున్నవారికి శ్రోత ముఖము కనబడలేదు. అందుచేత ప్రసారకులు రెండు నియమములు అలవరచుకొన్నారు. మొదటిది, మైకు ఎప్పుడును తెరచియే ఉన్నదని భావించి మాటాడవలెను. రెండవది, మన గొంతు ఒక సభలోనికి పోవుట లేదు. ఒక్కొక్క ఇంటిలోనికి పోవుచున్నది. అచ్చట ముసలివారు పడుకొని ఉందురు, పిల్లలు అన్నము తినుచుందురు, అన్యమతస్థుడైన పొరుగువాడు వచ్చి కూర్చుండి ఉండును. కనుక మాటాడువాడు అతిథి వలె మెలగవలెను. ఆన్‌లైను బైబిలు తరగతికిని ఈ సూత్రమే వర్తించును. గురువు ప్రతి ఇంటికిని వచ్చిన అతిథి. శిష్యుడు తన ఇంటిలో ఒంటరిగా కూర్చున్నను సభలోనివాడే. ఈ రెండు మాటలు గుర్తున్నచో తక్కిన మర్యాదలన్నియు వాటినుండియే పుట్టును.

గురువు అతిథి అన్న మాట మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఇంగ్లండు దేశపు మిషనరీ రాబర్టు నోబుల్ 1841లో మచిలీపట్నము వచ్చినాడు. వచ్చిన వెంటనే బడి తెరువలేదు. రెండేండ్ల కాలము తెలుగు నేర్చుకొని, 1843లో పాఠశాల ప్రారంభించినాడు. నేటి నోబుల్ కళాశాలకు మూలము అదియే. అందు ఇతర పాఠములతో పాటు బైబిలు పాఠమును నిత్యము జరుగుచుండెను. వినువారిలో అధికులు హిందూ కుటుంబముల బాలురు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందినప్పుడు తలిదండ్రులు కలవరపడి పిల్లలను మాన్పించినారు. బడి దాదాపు శూన్యమైనది. తరువాత మెల్లమెల్లగా మరల నిండినది. ఈ చరిత్రలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అను తీర్పు ఇక్కడ అవసరము లేదు. గురువుకు పాఠము నేర్పు సామర్థ్యముతో పాటు, శిష్యుని వెనుకనున్న కుటుంబము యొక్క విశ్వాసమును కావలెనని మాత్రము దీనివలన తెలియుచున్నది. నేడు ఫోను తెరమీద ఆ కుటుంబము కనబడదు. కాని గదిలోనే ఉన్నది. తరగతి ఎవరు నడుపుచున్నారో, ఏ సంఘమువారో, ఏ ఉద్దేశముతో నడుపుచున్నారో మొదటిరోజుననే స్పష్టముగా చెప్పుట గురువు యొక్క మొదటి మర్యాద. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలున్నచో వారి తలిదండ్రుల అనుమతి తీసికొనుట రెండవది.

ఇంకొక చరిత్రను కూడ స్మరింపవలెను. 1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వేదనాయకము శామ్యూల్ అజరయ్య ప్రసంగించినారు. విదేశీయులైన మిషనరీల త్యాగములను, దానములను ఆయన కాదనలేదు. కాని భారతీయులకు కావలసినది స్నేహమని నిండుసభలో అడిగినారు. నేర్పువాడు పైన, నేర్చుకొనువాడు క్రింద అను భావము ఎంత మేలు చేసినను మనసును గాయపరచునని ఆ విన్నపమునకు అర్థము. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పు అయినారు. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనయే. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములును ఆయన ఆధ్వర్యములోనికి వచ్చినవి. ఆ కాలమున పల్లెలలో పగలు పొలము పనికి పోయినవారు రాత్రి దీపము వద్ద కూర్చుండి, చదువు రాకపోయినను వాక్యములను, కీర్తనలను ఉపాధ్యాయుని నోట విని కంఠస్థము చేసెడివారు. నేటి రాత్రి తొమ్మిది గంటల ఫోను తరగతి ఆ దీపము బడికి వారసురాలు. దీపము బడిలో ఉపాధ్యాయుడు అదే పేటలో నివసించెడివాడు. ఎవరి కష్టమేమో అతనికి తెలియును. ఫోను గురువునకు అది తెలియదు. తెలియనప్పుడు అడిగి తెలిసికొనుట మర్యాద. ఊహించి మందలించుట అమర్యాద.

ఒక ఉదాహరణము చూతము. తరగతిలో అందరును కెమెరా తెరచి ఉంచవలెనని కొందరు గురువులు నిర్బంధింతురు. ముఖము చూడవలెనను కోరిక సహజమే. కాని ఒకే గది గల ఇంటిలో కూర్చున్న స్త్రీ తన వెనుక పడుకొన్న భర్తను, ఆరవేసిన బట్టలను పదిమందికి చూపుటకు ఇష్టపడదు. పరాయి దేశమున యజమాని ఇంటిలో పనిచేయు యువతికి కెమెరా తెరచుటకు అనుమతి ఉండకపోవచ్చును. సిగ్నలు బలహీనముగా ఉన్న లంక గ్రామమున కెమెరా తెరచినచో గొంతు కూడ ఆగిపోవును. కనుక కెమెరా విషయము శిష్యుని ఇష్టమునకు విడుచుట మంచిది. పేరు పిలిచి హాజరు తీసికొన్నచో చాలును.

పేరు పిలుచుటలోనే తెలుగువారి మర్యాద సగము ఇమిడి ఉన్నది. మన భాషలో దేవుని నీవు అని పిలుచుట భక్తికి, చనువుకు గుర్తు. అంతమాత్రమున గురువు శిష్యులనందరిని నీవు అనవచ్చునని అనుకొనరాదు. పొలములలో, ఇండ్లలో పనిచేసి, తన పేరు చివర గారు అను మాట వినకుండ యాభై యేండ్లు గడపిన తల్లులు ఈ తరగతులలో ఎందరో కూర్చుందురు. ఉద్యోగము చేయు యువకుని బ్రదర్ గారూ అని, ఆ తల్లిని మాత్రము ఏమమ్మా నీకు తెలిసినదా అని పిలిచినచో, గురువు చెప్పిన ప్రేమ పాఠము ఆ క్షణముననే వ్యర్థమగును. అందరికిని ఒకే గౌరవ వాచకము ఉండవలెను. శిష్యులును గురువును అయ్యగారూ అన్నను, పాస్టరుగారూ అన్నను, అమ్మగారూ అన్నను, ఆ పిలుపు రాత్రి పదకొండు గంటలకు ఫోను చేయు హక్కును ఇవ్వదని గ్రహింపవలెను.

శిష్యుల మర్యాదలు చిన్నవిగా కనబడును గాని వాటివలననే తరగతి నిలుచును. ఐదు నిమిషములు ముందుగా చేరుట, చేరిన వెంటనే మైకు మూయుట, గ్రంథము ఎదుట ఉంచుకొనుట మొదటివి. జూమ్ యొక్క ఉచిత పద్ధతిలో సమావేశము 40 నిమిషములకే ముగియును. ఒకరి ఆలస్యమునకు, ఒకరి ఇంటి టెలివిజను చప్పుడునకు ఐదేసి నిమిషములు పోయినచో పాఠమునకు మిగులునదేమి? కీర్తన పాడునప్పుడు అందరును గొంతు కలుపుట చర్చిలో శోభ. ఫోనులో ఒక్కొక్క గొంతు ఒక్కొక్క క్షణము ఆలస్యముగా చేరుటచేత అదే గందరగోళమగును. పురుషోత్తమ చౌదరిగారి కీర్తన యైనను ఒకరు పాడగా తక్కినవారు మైకు మూసి తమ ఇంటిలో పాడుకొనుట ఉచితము.

ప్రశ్న అడుగుట అమర్యాద కాదు. ఈ మాట నొక్కి చెప్పవలసి ఉన్నది. మన ప్రాంతమున ఎక్కువగా చదువబడు తెలుగు బైబిలు అనువాదము పాతకాలపు గ్రాంథిక శైలిలో ఉన్నది. నేటి కుర్రవానికి అందులోని క్రియాపదములే కొన్ని తెలియవు. అతడు అడిగినప్పుడు ఇంతమాత్రము తెలియదా అన్నచో మరల నోరు తెరువడు. చర్చిలో అయినచో అతని ముఖము చిన్నబోవుట గురువు చూచి సర్దుకొనును; ఫోనులో అతడు మౌనముగా తరగతి వదలిపోవును, ఎందుకు పోయినాడో ఎవరికిని తెలియదు. మరియొక వైపు, గురువును ఓడించుటకే ముందుగా వెదకి తెచ్చిన ప్రశ్నను పదిమంది ఎదుట విసరుట జిజ్ఞాస కాదు. తెలియని ప్రశ్న వచ్చినప్పుడు చూచి వచ్చే వారము చెప్పెదనని గురువు అనుటలో చిన్నతనము లేదు. గ్రంథము ఇద్దరి ఎదుటను తెరచియే ఉన్నది గదా!

ఈ తరగతులలో వేర్వేరు సంఘములవారు కలియుట సాధారణము. గుణదల మాత ఉత్సవమునకు పోవు కతోలికులును, దక్షిణ ఇండియా సంఘమువారును, బాప్టిస్టులును, పెంతెకోస్తువారును ఒకే తెరమీద ఉందురు. కతోలికుల బైబిలులో 73 గ్రంథములు, ప్రొటెస్టంటుల బైబిలులో 66 గ్రంథములు కలవు. ఈ భేదమును తెలియజెప్పుట పాఠము. దానిని పట్టుకొని పరిహసించుట నేరము వంటిది. హిందువుల, ముస్లిముల ఆరాధనలను చులకన చేసి మాటాడుట మరింత పొరపాటు. ఆకాశవాణి ప్రసార నియమావళిలో మతములను, జనవర్గములను దూషించు మాటలకు తావు లేదు. ఇంటింటికి పోవు గొంతు ఏదైనను ఆ నియమమును తనకు తానుగా పాటించుట మేలు.

చివరిగా, అన్నింటికన్న సున్నితమైన సంగతి. తరగతి ముగింపున ప్రార్థన మనవులు చెప్పుకొనుట వాడుక. ఒకరు భర్త తాగుడును గూర్చి, ఒకరు కుమార్తె కాపురమును గూర్చి, ఒకరు తమకు వచ్చిన వ్యాధిని గూర్చి చెప్పుదురు. చర్చిలో చెప్పిన మాట గోడల నడుమ నిలుచును. ఫోనులో చెప్పిన మాటను ఎవరైనను రికార్డు చేయవచ్చును. వాట్సాప్ గ్రూపులోని సందేశము మరునాటికి మరియొక ఊరు చేరవచ్చును. కుమార్తె సంబంధము చూచుకొనుచున్న ఇంటికి, ఉద్యోగము కొరకు తిరుగుచున్న రోగికి దానివలన కలుగు నష్టము ఇంతింత కాదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము ఒకరి సమాచారమును వాడుటకు వారి సమ్మతి ప్రధానమని చెప్పినది. చట్టము ఏ తరగతికి ఎంతవరకు వర్తించునను చర్చను న్యాయవాదులకు విడిచి, దాని భావమును మనము గైకొనవచ్చును. పాఠమును రికార్డు చేయదలచినచో ముందుగా చెప్పవలెను. మనవుల సమయము రాగానే రికార్డింగు ఆపవలెను. వ్యాధి పేరు, మనిషి పేరు గ్రూపులో వ్రాయకుండ ఒక కుటుంబము కొరకు అని వ్రాసినచో ప్రార్థనకు లోటు కలుగదు.

ఈ నమ్మకమునకు సంబంధించినవే మరి రెండు జాగ్రత్తలు. గురువు ఒక స్త్రీతోనో, బాలునితోనో విడిగా సందేశములు నడుపవలసి వచ్చినచో, ఇంటివారికిని మరియొక పెద్దకును తెలిసియే నడుపవలెను. కానుకల కొరకు క్యూఆర్ కోడు పెట్టినచో ఆ డబ్బు ఎవరి ఖాతాకు పోవుచున్నదో, దేనికి వినియోగమగుచున్నదో లెక్క చెప్పవలెను. ఈ నియమములు మంచి గురువును అనుమానించుటకు ఏర్పడినవి కావు. అతని మంచిపేరును కాపాడునవి. తరగతిలోనికి అపరిచితులు చొరబడి అసభ్యముగా ప్రవర్తించిన సంఘటనలు 2020లో ప్రపంచమంతట జరిగినవి. కనుక సంకేత పదమును బహిరంగ గ్రూపులలో పంచకుండుటయు, వచ్చినవారిని చూచి లోనికి అనుమతించుటయు ఒక పెద్దకు అప్పగించుట మంచిది.

ఒక తరగతి మర్యాదగా నడచుచున్నదో లేదో తెలిసికొనుటకు సులభమైన మార్గము ఒకటి కలదు. ఆ తరగతిలో అందరికన్న తక్కువ చదువుకొన్నవారు, అందరికన్న ఆలస్యముగా ఫోను వాడుక నేర్చినవారు ఎవరో చూడవలెను. ఆ వ్యక్తి మైకు తెరచి, అయ్యగారూ, ఇది నాకు అర్థము కాలేదు, మరొకసారి చెప్పండి అని జంకు లేకుండ అనగలిగినచో, గురువును శిష్యులును తమ తమ ధర్మములను నెరవేర్చినట్లే.