శుభలేఖకు సన్నని సొగసు

పెళ్లికార్డు చేతికి రాగానే మన చూపు ముందు పేర్ల మీదకే పోతుంది. ఆ పేర్లు ఇంగ్లిషులో ఉంటే ఒక తరహా అక్షరం తరచూ కనిపిస్తుంది. నిలువు గీత నిండుగా, అడ్డగీత వెంట్రుకంత సన్నగా, కొసల్లో సూదిమొనలు. ఇటలీలో బొడోని, ఫ్రాన్సులో డీడో కుటుంబం 18వ శతాబ్దం చివర్లో ఈ పద్ధతికి పేరు తెచ్చారు. నున్నటి కాగితం, మంచి అచ్చు ఉంటేనే అంత సన్నటి గీత నిలుస్తుంది. ఇక్కడ అమెరికాలో వోగ్ పత్రిక అట్ట చూడండి, పేరు ఆ తరహాలోనే ఉంటుంది.

మనవాళ్లకి ఈ సొగసు పైసా ఖర్చు లేకుండా అందించింది కాలిఫోర్నియాలోని సిలికానాంధ్ర. వాళ్లు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లలో 'సూరన్న' ఒకటి. 'కళాపూర్ణోదయం' రాసిన పింగళి సూరన పేరే దానికి పెట్టారు. తెలుగు అక్షరాలు 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల తయారుచేశారు. అందులోని ఇంగ్లిషు అక్షరాలు 'ప్రాటా' అనే ఫాంటువి. శీర్షికలకి, పోస్టర్లకి, ఆహ్వానాలకి అని చేసిన ఫాంటు ఇది. ఆ మాట మేం పట్టించుకోలేదు.

మా రూమ్మేట్ చెల్లెలి పెళ్లి. వాడికి లీవు దొరకలేదు. "కార్డైనా నేనే చేసి పంపిస్తాను" అన్నాడు. డ్యూటీ అయ్యాక రెండు రాత్రులు అందరం కూర్చున్నాం. పేర్లు, ముహూర్తం, మండపం అడ్రసు, చివర్న చిన్నగా నాన్నగారి ఫోన్ నంబరు, అన్నీ సూరన్నలోనే పెట్టాం. మీగడ రంగు మీద బంగారు రంగు. స్క్రీన్ మీద చూసి మురిసిపోయాం.

ఊళ్లో అచ్చయి వచ్చాక పేర్లు అద్భుతం. నంబరు మాత్రం సగం మాయం! సన్నగీతలు కాగితంలో కలిసిపోయి 8 ఏదో 3 ఏదో తెలియలేదు. నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని మూడొందల కార్డుల మీదా బాల్‌పెన్నుతో నంబరు రాశారట. "ఏం కాదులేరా" అన్నారు ఫోన్లో. మావాడు ఆ రోజంతా సైటులో ఎవరితోనూ మాట్లాడలేదు.

మేం రోజూ చూసే డ్రాయింగుల మీద అక్షరాలకి ఏ కొసలూ ఉండవు. హైవే బోర్డులకీ అంతే. అలంకారపు జాలీ మీద స్లాబు బరువు వెయ్యం కదా, అది కార్డు దగ్గర తట్టలేదు.

అందుకే చెబుతున్నాం. పేర్లు పెద్ద సైజులో సూరన్నలో పెట్టుకోండి. అడ్రసు, టైము, నంబరు 'మండలి' లాంటి సాదా ఫాంటులో, ముదురు రంగులో ఉండాలి. మన ఊళ్లలో చాలా ప్రెస్సుల్లో అనూ ఫాంట్లు వాడతారు, మనం యూనికోడ్‌లో టైపు చేసి పంపితే అక్షరాలు చెదిరిపోతాయి. ఫాంటు కలిపిన పీడీఎఫ్ పంపండి. ముందు ఒక్క కాపీ అసలు సైజులో తీయించి, ఇంట్లో పెద్దవాళ్లకి అద్దాలు లేకుండా చూపించమనండి.

మా రూములో ఇంకొకరి ఇంటి గృహప్రవేశం కార్డు ఇప్పుడు చేస్తున్నాం. నంబరు పన్నెండు పాయింట్లలో పెట్టాం. చదివి సరిచూసింది మావాడే.