ఫ్యాక్టరీ సినిమాకు ఆస్కార్‌!

కంపెనీల కోసం, సేవాసంస్థల కోసం తీసే చిన్న సినిమాలు వార్షికోత్సవం దాటి బయటికి రావంటారు. వచ్చినవీ ఉన్నాయి. గెలిచినవీ ఉన్నాయి. ఎలా గెలిచాయి? మనవాళ్లు పోటీకి పంపాలంటే ఏం చేయాలి?

సహకార డెయిరీకి పాతికేళ్లు నిండాయి. పది నిమిషాల ఫిల్మ్‌ తీయించారు. కంటి ఆసుపత్రివాళ్లు దాతలకు చూపించడానికి ఓ డాక్యుమెంటరీ చేయించారు. మందుల కంపెనీ కొత్త ప్లాంటు మీద ఇంకోటి. సభలో దీపాలార్పి వేస్తారు. అందరూ చప్పట్లు కొడతారు. మర్నాటి నుంచి అది బీరువాలో ఓ మూల పడి ఉంటుంది.

హైదరాబాద్‌, విశాఖ, విజయవాడల్లో ఇలాంటివి తీసే చిన్న చిన్న యూనిట్లు ఎన్నో. ముహూర్తాలున్నప్పుడు పెళ్లి వీడియోలు, లేనప్పుడు కంపెనీ ఫిల్ములు. వాటితోనే బండి నడుస్తుంది. ‘మన పనిని ఎవరు చూస్తార్లే’ అనుకుంటారు వాళ్లు. ఎందుకు చూడరు? చూశారు. ఏకంగా ఆస్కార్‌ ఇచ్చారు!

సీసాలు చెప్పిన కథ

నెదర్లాండ్స్‌లో లీర్డామ్‌ అనే ఊరుంది. గాజు సామానుకు ప్రసిద్ధి. అక్కడి ఫ్యాక్టరీ తమ మీద ఓ ఫిల్మ్‌ తీసిపెట్టమని బెర్ట్‌ హాన్‌స్ట్రా అనే దర్శకుణ్ని అడిగింది. వాళ్లడిగింది తీసిచ్చాడాయన. దాంతోపాటు తన మనసుకు నచ్చినట్టు ‘గ్లాస్‌’ అని మరోటి తీశాడు. పట్టుమని పన్నెండు నిమిషాలుండదు. వ్యాఖ్యానం లేదు. ఓవైపు బుగ్గలు పూరించి గాజును ఊదే పనివాళ్లు, మరోవైపు టకటకా సీసాలు పోసే యంత్రం, వెనక జాజ్‌ సంగీతం. ఓ సీసా విరిగి అడ్డంపడుతుంది. యంత్రానికి ఆ సంగతి తెలీదు. వెనకొచ్చే సీసాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి భళ్లున పగులుతుంటాయి... మనిషి చెయ్యి వచ్చి సరిచేసేదాకా! మనిషి గొప్పా, యంత్రం గొప్పా అని ఎక్కడా అడగలేదు. చూసినవాళ్లకే అర్థమైంది. 1958నాటి ఆ చిట్టి చిత్రం 1960లో జరిగిన వేడుకలో ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఆస్కార్‌ అందుకుంది.

అంతకు పదేళ్ల ముందు అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. చమురు తవ్వడం ఎంత కష్టమో జనానికి చెప్పాలనుకుంది న్యూజెర్సీ స్టాండర్డ్‌ ఆయిల్‌ కంపెనీ. రాబర్ట్‌ ఫ్లాహెర్టీకి డబ్బిచ్చింది. ఆయన లూసియానా చిత్తడి నేలల్లో పడవేసుకుని తిరిగే ఓ పిల్లాడినీ, వాడు పెంచుకునే జంతువునీ, వాళ్ల మధ్యకొచ్చిన చమురు బావినీ చూపించాడు. సినిమాలో కంపెనీ పేరే లేదు! 1948లో ‘లూసియానా స్టోరీ’కి వెనిస్‌ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది. దాని సంగీతానికి వర్జిల్‌ థామ్సన్‌ మరుసటి ఏడాది పులిట్జర్‌ అందుకున్నాడు. పేరు వేసుకోని కంపెనీకీ లాభమే. ఆ సినిమాలో చమురు బావి ఎవరికీ కీడు చేయని మంచి చుట్టంలా కనిపిస్తుంది మరి!

మన దగ్గరికే వద్దాం. గ్రహణమొర్రితో పుట్టే పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేయించే స్మైల్‌ ట్రైన్‌ సంస్థ తమ పని గురించి ఫిల్మ్‌ తీయమని దర్శకురాలు మేగన్‌ మైలన్‌ను కోరింది. ఆమె ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌ ప్రాంతపు పల్లెకెళ్లి, పింకీ అనే చిన్నపిల్ల వెంట నడిచింది. పెదవి చీలికవల్ల బడికి దూరమైన పాప, వారణాసిలో ఆపరేషన్‌, ఆ తర్వాత నవ్వు. అంతే కథ. 2009లో ‘స్లమ్‌డాగ్‌ మిలియనీర్‌’ ఆస్కార్లు ఊడ్చుకెళ్లిన రాత్రే ‘స్మైల్‌ పింకీ’ కూడా గెలిచింది.

ఈ మూడింటికీ డబ్బు పెట్టించిన అవసరం వేరు. తెర మీద కనిపించింది వేరు. అదీ కిటుకు! ఆస్కార్‌ నిబంధనల్లోనే ఉంది... ప్రధానంగా ప్రచారం కోసం తీసిన డాక్యుమెంటరీలు పోటీకి పనికిరావని. సంస్థ డబ్బు పెట్టడం తప్పు కాదు. సంస్థ గొప్పలు చెప్పుకోవడమే తప్పు.

మన గడ్డ మీదా...

ఈ గుట్టు తెలిసిన మనవాడు శ్యామ్‌ బెనెగల్‌. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, బొంబాయి ప్రకటనల రంగంలో వందల కొద్దీ యాడ్‌ ఫిల్ములు, డాక్యుమెంటరీలు తీశాడు. గుజరాత్‌ పాల సహకార సంఘాల కథను 1976లో ‘మంథన్‌’గా మలిచాడు. అది డాక్యుమెంటరీ కాదు, పూర్తి నిడివి సినిమాయే. కానీ నిర్మాతలెవరో తెలుసా? తలా రెండు రూపాయలేసుకున్న అయిదు లక్షల మంది రైతులు! దానికి జాతీయ అవార్డు వచ్చింది. కొత్తగా బాగుచేసిన ప్రతిని 2024లో కేన్స్‌ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. అదే ఏడాది డిసెంబరులో బెనెగల్‌ కన్నుమూశాడు.

జహీరాబాద్‌ దగ్గర పస్తాపూర్‌ మహిళలది ఇంకో దారి. డెక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ అండతో దళిత మహిళా రైతులు కెమెరా పట్టారు. వరంగల్‌ జిల్లా పత్తి రైతుల బాధను 2003లో చిత్రంగా తీశారు. ఖరీదైన సరంజామా లేదు. పొలం సంగతి తెలిసినవాళ్లే పొలం గురించి చెప్పారు. దానికి మించిన బలం ఏముంటుంది!

ఏ గుమ్మం తొక్కాలి?

పోటీలన్నీ ఒక్కటి కాదు. ముఖ్యంగా రెండు గుమ్మాలున్నాయి.

మొదటిది వ్యాపార చిత్రాల పోటీలు. న్యూయార్క్‌ ఫెస్టివల్స్‌ 1957 నుంచీ, కేన్స్‌ కార్పొరేట్‌ మీడియా అండ్‌ టీవీ అవార్డులు 2010 నుంచీ ఉన్నాయి. ఉద్యోగుల శిక్షణ, భద్రత, సంస్థ పరిచయం, సామాజిక బాధ్యత... ఇలా విభాగాలుంటాయి. ఇక్కడ కంపెనీ పేరు కనిపించినా నష్టంలేదు. ఎవరికోసం తీశారు, ఏం ఆశించారు, అది నెరవేరిందా అన్నదే చూస్తారు. అన్నట్టు, కేన్స్‌ అనగానే ఎర్ర తివాచీ గుర్తొస్తుంది కదా! సినిమావాళ్ల కేన్స్‌ చిత్రోత్సవం వేరు, ప్రకటనలవాళ్ల కేన్స్‌ లయన్స్‌ వేరు, ఈ కార్పొరేట్‌ అవార్డులు వేరు. ఊరు మాత్రమే ఒకటి.

రెండోది డాక్యుమెంటరీ చిత్రోత్సవాలు. 1990లో మొదలైన ముంబయి అంతర్జాతీయ చిత్రోత్సవంలో బంగారు శంఖం ఇస్తారు. 2024లో ఉత్తమ డాక్యుమెంటరీగా నిష్ఠా జైన్‌ తీసిన ‘ద గోల్డెన్‌ థ్రెడ్‌’ దాన్ని గెలిచింది. అదీ ఫ్యాక్టరీ కథే... బెంగాల్‌ జనపనార మిల్లుల కార్మికులది. తిరువనంతపురంలో 2008 నుంచీ డాక్యుమెంటరీలకూ లఘుచిత్రాలకూ వేరే పండగ జరుగుతోంది. ఇక్కడ ప్రచారం వాసన తగిలితే చాలు... పక్కన పెట్టేస్తారు.

అందుకే అనుభవజ్ఞులు ఒకే షూటింగ్‌ నుంచి రెండు ప్రతులు కడతారు. ఎండీగారి సందేశం, లాభాల పట్టిక ఉన్నది కంపెనీకి. మనిషి కథ ఉన్నది పోటీకి. ఈ మాట షూటింగ్‌కు ముందే అనుకోవాలి. ఎడిటింగ్‌ టేబుల్‌ మీద గుర్తొస్తే మనిషి కథకు ఫుటేజీ ఉండదు!

కాగితాలు జాగ్రత్త

సినిమా మీరే తీశారు. కానీ అది మీదేనా? డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం తీసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించినవారే. 1957నాటి కాపీరైట్‌ చట్టంలోని 17వ సెక్షన్‌ అదే చెబుతోంది. కాబట్టి పోటీలకు పంపుకొనే అనుమతిని పని మొదలెట్టే రోజే కాగితం మీద రాయించుకోండి.

ఇంకోటి పాటలు. వార్షికోత్సవం ఫిల్మ్‌లో ఇళయరాజా బాణీ పెట్టేస్తే సభలో ఎవరూ అడగరు. చిత్రోత్సవంలో అడుగుతారు. సంగీతం, పాత ఫోటోలు, టీవీ దృశ్యాలు అన్నిటికీ అనుమతులు కావాలి. తెర మీద కనిపించినవారి సమ్మతి పత్రాలు కావాలి. పిల్లలైతే తల్లిదండ్రులవి.

తీయగానే యూట్యూబ్‌లో పెట్టేయడం చాలామంది చేసే పని. కొన్ని పెద్ద ఉత్సవాలు ఎక్కడా ప్రదర్శించని చిత్రాలనే కోరతాయి. ఆస్కార్‌కైతే అర్హత సాధించకముందే నెట్‌లోనో టీవీలోనో వచ్చేస్తే దారి మూసుకుపోవచ్చు. లఘు డాక్యుమెంటరీ 40 నిమిషాలు దాటకూడదన్నది మరో నియమం. మన జాతీయ అవార్డులకైతే ఆ ఏడాది సెన్సార్‌ సర్టిఫికెట్‌ పొందిన చిత్రమై ఉండాలి. ఇక సబ్‌టైటిల్స్‌. మన్యం మాటైనా, మరే ప్రాంతపు మాటైనా, ఆ నుడికారం తెలిసినవాళ్లతో ఇంగ్లిష్‌లోకి రాయించాలి. తప్పుల తడకైతే మొదటి అయిదు నిమిషాల్లోనే ఆసక్తి పోతుంది.

అవార్డా... అంగడి సరుకా?

ఒకప్పుడు క్యాసెట్లు పార్సిల్‌ చేసేవారు. 2014లో వచ్చిన ఫిల్మ్‌ఫ్రీవే లాంటి వెబ్‌సైట్లతో ఇంట్లోంచే వేల ఉత్సవాలకు పంపొచ్చు. ఆ సుఖంతోపాటే ఓ బెడదా వచ్చింది. ప్రసిద్ధ నగరాల పేర్లు తగిలించుకుని నెలనెలా అవార్డులు పంచే పోటీలు! హాలుండదు, ప్రేక్షకులుండరు. రెండాకుల రెమ్మల బొమ్మ ఈమెయిల్లో వస్తుంది. ‘జ్ఞాపిక కావాలంటే ఇంత కట్టండి’ అని వెనకే ఇంకో మెయిల్‌. ఫీజు రెండు మూడు వేలే కదా అని ఇరవై చోట్లకు పంపితే అరవై వేల దాకా హారతి కర్పూరం. కెమెరా అద్దెకిచ్చినవాడికి బాకీ అలాగే ఉంటుంది.

ఫీజు కట్టేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నిరుడు ఏ హాల్లో, ఏ తేదీల్లో ప్రదర్శించారు? న్యాయనిర్ణేతల పేర్లు బయటపెట్టారా? గెలిచిన చిత్రాలు ఎలాంటివి? గెలిచాక డబ్బడుగుతారా? జవాబు దొరక్కపోతే దండం పెట్టేయండి. మంచి ఉత్సవాలకు తొలి గడువులోనే పంపితే ఫీజు తక్కువ. స్తోమత లేదని మర్యాదగా రాస్తే మినహాయించేవాళ్లూ ఉన్నారు. అయిదారు సరైన చోట్లు ఎంచుకుంటే చాలు.

ముందు వాళ్లకు చూపించండి

బహుమతి కంటే పెద్దది ఒకటుంది. ఉత్తరప్రదేశ్‌ గ్రామీణ మహిళలు నడిపే ‘ఖబర్‌ లహరియా’ పత్రిక మీద తీసిన ‘రైటింగ్‌ విత్‌ ఫైర్‌’ సండాన్స్‌లో గెలిచి, ఆస్కార్‌ నామినేషన్‌ దాకా వెళ్లింది. సరిగ్గా వేడుకకు ముందు, 2022 మార్చిలో, ఆ పత్రికవాళ్లే ఓ ప్రకటన చేశారు... సినిమా తమ పనిని పూర్తిగా చూపలేదని. ఎవరి వాదన వారిది. కానీ కెమెరా పట్టే ప్రతివాళ్లూ ఆలోచించాల్సిన సంగతే. బహుమతి దర్శకుడి బల్ల మీద ఉంటుంది. తెరమీది బతుకు మాత్రం ఆ మనుషులది. నలుగురిలో మళ్లీ తిరగాల్సింది వాళ్లు.

అందుకే ఎంట్రీ ఫారం నింపేముందు ఓ సాయంత్రం ఆ ఊళ్లోనే, బడి గోడ మీదైనా సరే, సినిమా వేయండి. అందులో ఉన్నవాళ్లు ‘అవును, ఇది మా కథే’ అన్నారా... ఇక ధైర్యంగా పంపించండి!