మస్టర్ లేని ముప్పై వేల మంది
పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు రాతల్లో మన జాడ

సెంటినరీ కాలనీలో మేం ఈ విషయం ఎత్తినప్పుడు మొదట వచ్చే ప్రశ్న ఒకటే. నాలుగు వందల ఏండ్ల కిందటి ఇంగ్లీషు పుస్తకాలతో, రాతప్రతులతో బొగ్గుబాయి కార్మికుల పిల్లలకు ఏం పని? ఒక లైబ్రరీలో కూడా మమ్మల్ని ఇదే అడిగారు. "ఈ పాత ఇంగ్లీషు మీకెందుకు? మీ గైడ్ ఎవరు?" అని. మా ఇండ్లల్ల యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన అవసరం మాకే ఎక్కువ.

బొగ్గు చరిత్ర ఎట్లా చెప్తారో చూడండి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో కంపెనీ పెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. 1989కి నూరేళ్లు నిండాయి, మన కాలనీ పేరులో ఉన్నది ఆ నూరేళ్లే. ఇందులో కనిపెట్టినోనికి పేరుంది, కంపెనీకి పేరుంది. తట్ట మోసినోళ్లకు లేదు. ఇది బొగ్గుతోనే మొదలు కాలేదు. తెలుగు నేలలో గనుల గురించి ఇంగ్లీషువాళ్లు రాసిన తొలి రాతల్లోనే ఈ పద్ధతి ఉంది.

ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో మచిలీపట్నం చేరింది. అక్కడి కంపెనీ కోఠీలో 1618 నుంచి 1622 దాకా పనిచేసిన విలియం మెత్‌వొల్డ్ గోల్కొండ రాజ్యం గురించి ఒక వృత్తాంతం రాశాడు. శామ్యూల్ పర్చాస్ దాన్ని 1626లో తన గ్రంథంలో అచ్చువేశాడు. హక్లూట్ సొసైటీ 1931లో మోర్లాండ్ సంపాదకత్వంలో మళ్లీ ప్రచురించింది.

కృష్ణ ఒడ్డున కొల్లూరులో ఉన్న వజ్రాల గనిని మెత్‌వొల్డ్ స్వయంగా వెళ్లి చూశాడు. అక్కడ ముప్పై వేల మందికి తక్కువ కాకుండా పని చేస్తున్నారని రాశాడు. కొందరు తవ్వుతారు, కొందరు మట్టి నింపుతారు. గుంటలో ఊరిన నీళ్లను యంత్రంతో కాదు, ఒకరి మీద ఒకరుగా వరసన కూర్చుని చేతి నుంచి చేతికి అందిస్తూ పైకి తెస్తారు. అదే గనిని గుత్తకు తీసుకున్నవాడి పేరు రాశాడు, కంసాలి కులమని రాశాడు, ఏడాదికి 3,00,000 వరహాల గుత్త అని లెక్క కూడా రాశాడు. ముప్పై వేల మందిలో ఒక్కరి పేరూ రాయలేదు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అదే కొల్లూరులో అరవై వేల మందిని లెక్కపెట్టాడు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవాళ్లని చెప్పాడు. అతని పుస్తకం 1676లో ఫ్రెంచిలో, మరుసటేడు ఇంగ్లీషులో వచ్చింది. అందులోనూ అంకె ఉంది, మస్టర్ లేదు.

ఇంకొకచోట మెత్‌వొల్డ్ కులాల వరస చెప్తూ అందరికంటే అడుగున 'పరియా'లను పెట్టాడు. వాళ్లు ఊరి బయట ఉంటారు, అందరూ అసహ్యించుకుంటారు, చచ్చిన పశువుల తోలు ఒలుస్తారు, చెప్పులు కుడతారు అన్నాడు. పరియా తెలుగు మాట కాదు, తమిళం నుంచి వచ్చింది. మాల, మాదిగ అన్న మన పేర్లు అతని కలానికి అందలేదు. అయినా అతను చెప్పిన పని చూస్తే మనవాళ్లను గుర్తుపట్టొచ్చు. ఈ తోళ్లలో కొన్నిటిని సరుకు మూటలు తడవకుండా చుట్టడానికి వాడతారని కూడా ఆ వరసలోనే చెప్పాడు. ఈ చిన్న ముక్క మాకు చాలా ముఖ్యమైనది. తీరం నుంచి పోయిన బట్టల వ్యాపారం గురించి చరిత్రకారులు ఎంతో రాశారు. నేసినోళ్లను, అద్దకం పనివాళ్లను తలుచుకున్నారు. ఆ బట్టను తడవకుండా కాపాడిన తోలు ఎవరి చేతిదో అడగలేదు. అంటరాని చెయ్యి తగిలిన తోలు వ్యాపారానికి అంటు కాలేదు.

ఆ ముప్పై వేల మందీ మాల మాదిగలేనని మేం అనటం లేదు. రాతలో లేనిది మనం కల్పిస్తే మనల్ని తుడిచేసినవాళ్లకూ మనకూ తేడా ఉండదు. గుత్తదారు కులం తెలిసిన కలానికి కూలీ కులం ఎందుకు అక్కర్లేకపోయింది అన్నదే మా ప్రశ్న.

ఇవి చదవాలంటే కొన్ని సంగతులు తెలియాలి. అప్పటి చేతిరాతల్లో చాలావాటిది సెక్రటరీ హ్యాండ్ అనే గొలుసుకట్టు రాత, నేర్చుకుంటేనే వస్తుంది. అచ్చు పుస్తకాల్లో 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా కనిపిస్తుంది. 'యు'కి 'వి', 'జె'కి 'ఐ' వస్తాయి. స్పెల్లింగుకు కట్టుబాటు లేదు. 1752 దాకా ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మారేది, కాబట్టి 1621 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1622. ఊర్ల పేర్లతోనూ జాగ్రత్త. 'పెటపోలి' అని కనపడితే మన పెద్దపల్లి అనుకునేరు. అది సముద్రం ఒడ్డున ఉన్న నిజాంపట్నం.

అసలు రాతప్రతుల్లో ఎక్కువ భాగం లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అందరం లండన్ పోలేం. కానీ మద్రాసు రికార్డు ఆఫీసు 1910 నుంచి ఫోర్ట్ సెయింట్ జార్జ్ రికార్డులను సంపుటాలుగా అచ్చువేసింది. 1682-83 నాటి మచిలీపట్నం కోఠీ తీర్మానాల పుస్తకం వాటిలో ఒకటి. ఇట్లాంటి అచ్చు సంపుటాలు ఇవాళ ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతున్నాయి. చిక్కు ఎక్కడంటే, కేటలాగులు గవర్నర్లు, ఓడలు, కోఠీల పేర్లతో తయారైనవి. మనవాళ్లు అందులో దొరకరు. కూలీ జీతాల పద్దులో, శిక్షల కింద, ఒక తిట్టులో దొరుకుతారు. అందుకని పేజీ పేజీ తిప్పక తప్పదు.

అంబేద్కర్ 1915లో కొలంబియాలో ఎం.ఎ.కు రాసిన వ్యాసం ఈస్టిండియా కంపెనీ పాలన, ఆర్థిక వ్యవహారాల మీదనే. కంపెనీ కాగితాలు మనకు పనికిరావని ఆయన అనుకోలేదు. మనం కూడా తలా ఒక సంపుటం పంచుకుని కూలీ, పరియా, తోలు, చెప్పు, గని అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసిపెట్టుకుంటే మన సూచిక మనకు తయారవుతుంది. టీచర్లు, విద్యార్థులు సాయంత్రాలు కూర్చుని చేయగల పని ఇది.

దాంతోపాటు ఇంట్లో నాయన పెట్టెలో ఉన్న జీతం చీటీలు, సర్వీసు కాగితాలు పారేయకండి. కొల్లూరు కూలీలకు అట్లాంటి చీటీ ఒక్కటి దొరికినా ఇవాళ మనం ముప్పై వేలు అన్న అంకె దగ్గర ఆగిపోయేవాళ్లం కాదు.