మీకు తెలుసా? చిక్కపేటలో ఇంటి లెక్కలు

బెంగళూరులో ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా, బడి తెరిచినా, పండగ దగ్గరపడినా ముందు వినిపించే మాట "చిక్కపేటకు పోయొద్దాం పా". హిందూపురం, మడకశిర, కదిరి వైపు నుంచి మనవాళ్ళు సంచులు పట్టుకుని రైలెక్కేదీ ఇక్కడికే. అక్కడ చవక అని అందరి నమ్మకం. నిజమే, చవకే. కానీ ఆ చవక కొలత తెలిసినవాళ్ళకే అందుతుంది. పన్నా (గుడ్డ వెడల్పు) ఎన్ని అంగుళాలు, బరువు ఎన్ని గ్రాములు, కరెంటు ఎన్ని యూనిట్లు అని అడిగే అలవాటున్న ఇల్లు చిన్న జీతంతోనూ నెల చివరిదాకా నిలబడుతుంది. ఆ అలవాటుకు పనికొచ్చే సంగతులు కొన్ని ఇవి.

ఒక్కో సరుకుకు ఒక్కో పేట

1537లో కెంపేగౌడ ఊరు కట్టించినప్పుడు, దొడ్డపేట చిక్కపేట కలిసేచోట నాలుగు నాగళ్ళు కట్టి నాలుగు దిక్కులా దున్నించాడనీ, ఆ చాళ్ళే వీధులయ్యాయనీ చెబుతారు. ఆ దొడ్డపేటే ఇప్పటి అవెన్యూ రోడ్డు. చుట్టుపక్కల బియ్యానికి అక్కిపేట, రాగులకు రాగిపేట, కుండలకు కుంబారపేట, నూనె గానుగలకు గాణిగరపేట వెలిశాయి. మగ్గాలకు కబ్బన్‌పేట పేరుపడింది. ఒకే సరుకు అమ్మేవాళ్ళంతా పక్కపక్కనే ఉండడం కొనేవాళ్ళకు పెద్ద మేలు. పది అడుగులు నడిస్తే అసలు ధర తేలిపోతుంది. అందుకే మొదటి కొట్లో వివరాలు మాత్రం అడగండి. మూడో నాలుగో కొట్టు చూశాక కొనండి. ఇక్కడ చాలా కొట్లలో తెలుగులో బేరమాడినా ఇబ్బంది లేదు.

మీటరు ధర ఎక్కువైనా చొక్కా చవక కావచ్చు

చిక్కపేటలో బట్ట కొనేటప్పుడు "మీటరు ఎంతన్నా?" అని అడిగి ఊరుకుంటే సగం సంగతే తెలిసినట్టు. "పన్నా ఎంత?" అన్నది రెండో సగం. చొక్కా గుడ్డ 36 అంగుళాల పన్నాలోనూ దొరుకుతుంది, 58 అంగుళాల పన్నాలోనూ దొరుకుతుంది. పెద్దవాళ్ళ ఫుల్ చేతుల చొక్కాకు చిన్న పన్నాలో సుమారు రెండుంబావు మీటర్లు కావాలి. పెద్ద పన్నాలో 1.6 మీటర్లు చాలు. మాటవరసకు చిన్న పన్నా గుడ్డ మీటరు 100 రూపాయలు, పెద్ద పన్నా 130 రూపాయలు అనుకోండి. మొదటిదానికి చొక్కాకు 225 రూపాయలు, రెండోదానికి 208. మీటరు దగ్గర ఖరీదనిపించిన గుడ్డే చొక్కా దగ్గర చవకైంది. ఇంట్లో ముగ్గురికి కుట్టిస్తే తేడా ఇంకా పెరుగుతుంది. పైగా పెద్ద పన్నాలో ఇద్దరి గుడ్డ కలిపి కత్తిరిస్తే మిగిలే ముక్కా తగ్గుతుంది. కొనడానికి ముందే టైలరును అడిగి, పన్నాను బట్టి ఎంత కావాలో కాగితం మీద రాసుకుని వెళ్ళడం మంచిది.

కొలిచేటప్పుడు చూపు కొలబద్ద మీద ఉండాలి. కొట్టతను తాను విప్పి, బద్దకు ఆనించి, బొటనవేలితో గుడ్డను లాగి పట్టుకుంటాడు. సాగే గుడ్డయితే ఆ లాగుడులోనే ప్రతి మీటరుకూ కొంత పోతుంది. "వదులుగా కొలవన్నా" అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి కుట్టించే ముందే ఒకసారి నీళ్ళలో తడిపి ఆరేయండి.

ఇంకొకటి. పెద్దవాళ్ళు ఇప్పటికీ గజాల్లోనే మాట్లాడతారు. గజమంటే 91.44 సెంటీమీటర్లు, అంటే మీటరు కన్నా సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు తక్కువ. "ఆరు గజాల చీర" దాదాపు ఐదున్నర మీటర్లు. జాకెట్టు ముక్క కలిపి ఉంటే 6.3 మీటర్ల దాకా ఉండాలి. ధర గజానికా మీటరుకా అన్నది బేరానికి ముందే తేల్చుకోవాలి.

వీశెల నుంచి గ్రాముల దాకా

మన తాతల కాలంలో కూరలూ బెల్లమూ వీశెల్లో తూచేవాళ్ళు. వీశె అంటే 120 తులాలు, సుమారు కిలో 400 గ్రాములు. 1956 నాటి చట్టంతో మెట్రిక్ తూకాలు వచ్చాయి, 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అణాలూ తులాలూ నోటిలెక్కగా తెలిసిన ఇల్లాళ్ళు కొత్త లెక్కంతా మళ్ళీ నేర్చుకున్నారు. ఇప్పుడు పొట్లాల కాలం. కంపెనీలు ధర పెంచకుండా పొట్లంలో సరుకు తగ్గించడం మామూలైపోయింది. పొట్లం మీద గ్రాముకో, కిలోకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందన్నది కూడా అచ్చువేయాలన్న నియమం అమల్లోకి వచ్చింది. అది ఎమ్మార్పీకి దగ్గర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సబ్బుపొడి, టీపొడి, నూనె కొనేటప్పుడు పెద్ద అంకె కాదు, ఆ చిన్న అంకె చూడండి. పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ చవక అన్న నమ్మకం కొన్నిసార్లు తప్పని అక్కడే తెలిసిపోతుంది.

పాత పట్టుచీరలో వెండి ఉండొచ్చు

"పాత బట్టలకు స్టీలు సామాన్లే" అని వీధిలో కేక వినపడగానే బీరువా అడుగునున్న చిరిగిన పట్టుచీర తీసి, ఒక గిన్నె తీసుకునే ఇళ్ళు నాకు తెలుసు. చూస్తే బాధేస్తుంది. పాతకాలపు అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత పూసింది. మైసూరు పట్టునే తీసుకోండి, ఆ జరీలో 65 శాతం వెండి, 0.65 శాతం బంగారం ఉంటాయి. చిక్కపేట, అవెన్యూ రోడ్డు ప్రాంతంలో పాత పట్టుచీరలు కొనే కొట్లు ఉన్నాయి. జరీని పరీక్షించి, కాల్చి వెండి తీయడానికి పనికొస్తుందా అని చూసి ధర కడతారు.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయొచ్చు. అంచులోంచి ఒక్క పోగు లాగి గోటితో గీకండి. లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తే అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ. రాగితీగ తగిలినా, ప్లాస్టిక్ లాంటి పొర ఊడినా అది నకిలీ జరీ. ఇప్పటి చీరల్లో ఎక్కువ భాగం అలాంటివే కాబట్టి పాతచీర అని కనపడగానే ఆశపడకూడదు. కానీ నాయనమ్మ పెళ్ళిచీరను పరీక్షించకుండా గిన్నెకు ఇవ్వకూడదు. రెండు మూడు కొట్లలో చూపించి, ఆ రోజు వెండి ధర ఎంతుందో తెలుసుకుని మాట్లాడండి.

ఆషాఢంలో చీరలు

ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కాబట్టి బట్టల కొట్లకు గిరాకీ పడిపోతుంది. నిలవ సరుకు కదిలించడానికి అప్పుడు ధరలు తగ్గిస్తారు. శ్రావణం రాగానే మళ్ళీ పెరుగుతాయి. శ్రావణ శుక్రవారాలకు కావలసినవి ఆషాఢంలోనే కొనిపెట్టుకునే ఇళ్ళు తెలివైనవి.

మీరు పారేసే చింతగింజలు మగ్గం దాకా వెళ్తాయి

హిందూపురం మార్కెట్టు చింతపండుకు పేరుపొందింది. కొత్తపండు దిగే ఎండాకాలం మొదట్లో ఏడాదికి సరిపడా కొని, గింజ తీసి, ఉప్పు కలిపి జాడీలో పెట్టుకోవడం రాయలసీమ ఇళ్ళల్లో పాత పద్ధతి. అలా తీసిన గింజలకూ కొనేవాళ్ళున్నారు. చింతగింజల పప్పును పొడిచేసి నూలుకు, జనపనారకు గంజిగా వాడతారు. దారం తెగకుండా మగ్గం మీద నడవడానికి ఆ గంజి పనికొస్తుంది. మన పులుసులోంచి తీసిపారేసిన గింజ చీరగుడ్డలోకి చేరడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

బెంగళూరులో పప్పు ఆలస్యంగా ఉడుకుతుంది

విజయవాడ నుంచి వచ్చిన కోడలు "ఇక్కడి పప్పు ఎంతకీ ఉడకదత్తయ్యా" అంటే అది ఆమె వంట లోపం కాదు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. ఇక్కడ 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూతలేని గిన్నెలో ఎంత పెద్ద మంట పెట్టినా వేడి ఆ 97 దాటదు, గ్యాసు మాత్రం ఖర్చవుతుంది. అందుకే ఈ ఊళ్ళో కుక్కరు తప్పనిసరి. ఒత్తిడిలో నీళ్ళు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. ఒక విజిల్ రాగానే మంట తగ్గించేయాలి. లోపల ఒత్తిడి నిలిచినంతసేపు చిన్న మంటకైనా పెద్ద మంటకైనా వేడి ఒకటే.

నీళ్ళ సంగతి కూడా ఉంది. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పుగింజలోని పెక్టిన్ అనే పదార్థం గట్టిపడి, గింజ మెత్తబడదు. కావేరి నీళ్ళు అంత కఠినం కావు. 1974 నుంచీ నగరానికి వస్తున్న ఆ నీళ్ళను సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని తొరెకాడనహళ్ళి నుంచి ఎత్తుమీదికి తోడుతున్నారు. రెండు రకాల నీళ్ళూ వచ్చే ఇంట్లో స్నానాలకు, అంట్లకు బోరు నీళ్ళు వాడుకుని, పప్పుకు కావేరి నీళ్ళు అట్టిపెట్టుకోవాలి. కందిపప్పును అరగంట ముందే నానేయండి. చింతపండు పులుసు పప్పు ఉడికాకే పోయండి, పులుపు తగిలితే గింజ మెత్తబడడం ఆలస్యమవుతుంది. పెద్దవాళ్ళు "పులుసు చివర్న" అన్నది ఊరికే కాదు.

రాగిపిండిలో పాలను మించిన కాల్షియం

100 గ్రాముల రాగుల్లో సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. బరువు లెక్కన చూస్తే పాలలోనూ ఇంత ఉండదు. పురుగు అంత తేలిగ్గా పట్టదు కాబట్టి కరువుల రోజుల్లో పాతర్లలో పోసి ఏళ్ళ తరబడి నిలవచేసేవాళ్ళు. పాల ఖర్చు భరించలేని ఇంట్లో పిల్లలకు రాగి సంగటి, రాగి జావ తప్పనిసరిగా పెట్టాలని నా మనవి.

201వ యూనిట్ ఖరీదు

కర్ణాటకలో 2023 జూలై వాడకం నుంచి గృహజ్యోతి అనే ఉచిత కరెంటు పథకం మొదలైంది. అద్దెకున్నవాళ్ళకూ వర్తిస్తుంది. 200 యూనిట్లూ అందరికీ ఉచితమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. అంతకుముందు ఏడాది మీ నెలసరి సగటు ఎంతో చూసి, దానికి పది శాతం కలిపి పరిమితి పెట్టారు. సగటు 90 అయితే 99 దాకా ఉచితం, 120 వాడితే మిగతా 21 యూనిట్లకు కట్టాలి. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. అంటే 201వ యూనిట్ ఒక్క యూనిట్ ధరతో పోదు, నెలంతటి బిల్లునూ మీదేస్తుంది.

అందుకని ఏది ఎంత కరెంటు తాగుతుందో ఇంట్లో అందరికీ తెలియాలి. రెండు వేల వాట్ల గీజరు అరగంటకు ఒక యూనిట్. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె గంటకు ఒకటి. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22 యూనిట్ల పైనే. 30 వాట్ల కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానుకు తొమ్మిది చాలు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్‌తో 110 గంటలు వెలుగుతుంది. పిల్లలు లైటు ఆర్పలేదని కోప్పడేకన్నా గీజరు వేళ చూసుకుంటే ఎక్కువ మిగులుతుంది.

బస్సు, మందులు

2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద కర్ణాటకలో ఉండే మహిళలకు మామూలు సర్కారు బస్సుల్లో టికెట్టు ఖర్చు లేదు. చిక్కపేటకు మెట్రో స్టేషన్ ఉన్నా, మార్కెట్టు బస్సులో వచ్చి ఆ డబ్బుతో కూరగాయలు కొనుక్కెళ్ళే ఆడవాళ్ళు ఎంతోమంది. ఇక రోజూ బీపీ, షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళున్న ఇంటికి జన్ ఔషధి కేంద్రం పెద్ద అండ. చీటీ మీది కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాసివ్వమని డాక్టరును అడగండి. అదే మందు బ్రాండు ధరలో సగానికి, కొన్నిసార్లు అంతకన్నా బాగా తక్కువకు దొరుకుతుంది.

చీటీ ఎప్పుడు పొదుపు, ఎప్పుడు అప్పు?

పేటలో కొట్లు నడిచేదీ, ఇళ్ళు నడిచేదీ చీటీల మీదే. ఇరవైమంది, నెలకు ఐదు వేలు, లక్ష చీటీ అనుకోండి. పాటలో ఒకరు 80 వేలకు ఎత్తుకున్నారు. వదులుకున్న 20 వేలలో నిర్వాహకుడి కమిషన్ పోతుంది. 1982 చట్టాన్ని 2019లో సవరించాక అది చీటీ మొత్తంలో 7 శాతం దాటకూడదు, అంటే ఇక్కడ 7 వేలు. మిగిలిన 13 వేలు అందరికీ పంచితే తలకు 650. ఆ నెల ఐదు వేల బదులు 4,350 కడితే చాలు. మొదట్లోనే ఎత్తుకున్నవాళ్ళు 80 వేలు అప్పు తీసుకున్నట్టు, చివరిదాకా ఆగినవాళ్ళు దాచుకున్నట్టు. పెళ్ళికో ఆసుపత్రికో తప్ప మొదటి నెలల్లో పాట పాడకండి. చీటీ మొదలుపెట్టాలంటే రిజిస్ట్రారు అనుమతి ఉండాలి, చీటీ మొత్తానికి సమానమైన హామీ కట్టాలి. పరిచయస్తులే అయినా ఆ అనుమతి కాగితం చూపించమని అడగడం మీ హక్కు. నోటిమాట మీద నడిచిన చీటీలు మునిగి, కూతురి పెళ్ళి డబ్బు పోగొట్టుకున్న తల్లుల ఏడుపు వినలేనిది.

ఏడాదికి 20 రూపాయలు

బ్యాంకు ఖాతా ఉంటే సర్కారు సురక్షా బీమా కింద ఏడాదికి 20 రూపాయలకు ప్రమాదమరణానికి 2 లక్షల భద్రత ఉంది. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళు చేరొచ్చు. జీవనజ్యోతి బీమాకు 436 రూపాయలు, చేరడానికి వయసు 50 దాకా. అందులో ఏ కారణంతో మరణించినా 2 లక్షలు వస్తాయి, కొత్తగా చేరిన మొదటి నెలలో మాత్రం ప్రమాద మరణానికే. రెండూ జూన్ 1 నుంచి మే 31 దాకా నడుస్తాయి. డబ్బు ఖాతాలోంచి దానంతటదే మే నెలాఖరులో పోతుంది. ఆ వారం ఖాతాలో రెండింటికీ కలిపి 456 రూపాయలు లేకపోతే భద్రత ఆగిపోతుంది. మే నెలలో జీతం పడగానే ఇంట్లో సంపాదించే ప్రతి ఒక్కరి ఖాతాలోనూ ఆ డబ్బు ఉందో లేదో చూడండి.