పాటకు చప్పట్లు, పెళ్ళికి నోటీసు

రాజధానిలో ప్రతి శీతకాలమూ రెండు విధాల సభలు జరుగుతుంటాయి. ఒకటి పార్లమెంటు, రెండవది కళాశాలల ఉత్సవాలు. మొదటిదానికి హాజరు కావడం నా వృత్తి. రెండవదానికి అప్పుడప్పుడు వెళ్ళడం ఒక వ్యసనం. అధికార, ప్రతిపక్షాలు లేకుండా సభ యావత్తూ ఏకగ్రీవంగా ఆమోదించే తీర్మానాన్ని నేను ఈ రెండవ చోటనే చూశాను. అది యుఫోరియా బృందం వారి ‘మాయేరి’ పాట.

ఈ బృందం 1988లో ఢిల్లీలో పుట్టింది. దాని నాయకుడు పలాష్ సేన్ యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో చదివిన ఎముకల వైద్యుడు. రాక్ సంగీతానికి గిటారు, డ్రమ్ములతోబాటు ఇంగ్లీషు కూడా తప్పనిసరి అని విద్యార్థిలోకం నమ్మిన కాలమది. 1998లో వచ్చిన ‘ధూమ్’ ఆల్బం ఆ నమ్మకాన్ని సడలించింది. 2000లో ‘ఫిర్ ధూమ్’తో ‘మాయేరి’ వచ్చింది. ప్రియురాలి జ్ఞాపకాలతో కుమిలిపోతున్న యువకుడు తన బాధను తల్లితో చెప్పుకోవడమే దాని విషయం.

తల్లితోనే ఎందుకు? మన క్షేత్రయ్య నాయిక చెలికత్తెతో మొరపెట్టుకున్నది. కృష్ణశాస్త్రి తనలో తానే విలపించాడు. పంజాబీ కవిత్వంలో మాత్రం విరహవేదన తల్లి చెవిన పడుతుంది. పదహారవ శతాబ్దపు లాహోరు సూఫీ కవి షా హుసేన్ నుంచి, ‘లూణా’ కావ్యానికి 1967లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన శివకుమార్ బటాల్వీ వరకు ఈ సంప్రదాయం కనిపిస్తుంది. 1947 విభజనతో పంజాబు కాందిశీకులు ఢిల్లీని నింపారు. వారి వెంట ఈ బాణీ కూడా వచ్చింది. పడమటి వాద్యాల చాటున అభిమానులు వింటున్నది ఈ పాత దుఃఖాన్నే.

హిందీ అంతంతమాత్రంగా వచ్చే మన తెలుగు విద్యార్థులు సైతం ఆ పల్లవి అందుకోవడం గమనించాను. పక్కన గొంతు కలిపినవాడి కులమేమిటని అక్కడ ఎవరూ అడగరు. ఆ ప్రశ్న వారికోసం ఇంటి గుమ్మంలో కాచుకొని ఉంటుంది.

రాజధానికి ఎంతో దూరం లేని హర్యానాలోని కైథల్ జిల్లాలో, ఒకే గోత్రంవారు పెళ్ళాడారన్న కోపంతో 2007లో ఒక యువజంటను చంపివేశారు. యుక్తవయస్కులైన ఇద్దరి వివాహానికి కుటుంబం, కులపంచాయతీల సమ్మతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న తీర్పు చెప్పింది. ఆరు నెలలు తిరగకుండానే, సెప్టెంబరు 14న, మన మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిని గర్భవతి అయిన భార్య కళ్ళయెదుటే నరికివేశారు.

ఇక పార్లమెంటు సంగతి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం, పెళ్ళి చేసుకోదలచినవారి నోటీసును అధికారి తన కార్యాలయంలో అందరికీ కనిపించేటట్లు అంటించాలి. ముప్పయి రోజులలోగా ఎవరైనా ఆక్షేపణ తెలుపవచ్చును. వయసు, పూర్వవివాహం వంటి కొన్ని కారణాలపైనే ఆక్షేపణ చెల్లుతుంది. అయితే ఆ కాగితం చూసి కర్రలతో బయలుదేరే బంధువులకు ఈ సూక్ష్మంతో పని లేదు. పెద్దల దౌర్జన్యం నుంచి జంటలను కాపాడేందుకు న్యాయసంఘం 2012లోనే తన 242వ నివేదికలో ఒక బిల్లు ముసాయిదా ఇచ్చింది. పార్లమెంటు దానిని చట్టం చేయలేదు.

ఇది సినిమా మోజు, కుర్రతనపు కన్నీరు అని పెద్దలు ఈ అభిమానులను తేలికగా తీసివేయడం న్యాయం కాదు. భగ్నప్రేమ గీతాన్ని వేల గొంతులు ఒక్కటిగా పాడుతున్నాయంటే, ఆ బాధ వారిలో చాలామందికి సొంత అనుభవమో, సొంత భయమో అయి ఉండాలి. ఆ గొంతులన్నీ ఓటు హక్కు వచ్చినవే. పాట విని తల్లి మనసు కరిగితే సంతోషమే. నోటీసు బోర్డు మీది కాగితం మాత్రం పాటకు కరగదు. దానిని తొలగించమని ఈ యువతీయువకులు తమ పార్లమెంటు సభ్యులను కూడా అంత గట్టిగానూ అడగవలసి ఉన్నది.