పల్నాటి దేశవాళీ శునకాలు

పల్నాడు జిల్లాలోని మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాలలో గొర్రెల మందలకు, దొడ్లకు, పొలాలకు కాపలాగా తరతరాలుగా పెంచుతున్న నాటు కుక్కలను పల్నాటి దేశవాళీ శునకాలు అనవచ్చును. ఇది ఒక జాతి పేరు కాదు. భారత కెన్నెల్ క్లబ్బు జాబితాలో గాని, కేంద్ర ప్రభుత్వ పశు జన్యు వనరుల సంస్థ జాబితాలో గాని పల్నాడు పేరుతో శునకజాతి ఏదీ లేదు. ఇవి కాపలా కాసే మాచర్ల గొర్రెకు మాత్రం జాతీయ స్థాయిలో జాతి గుర్తింపు లభించినది. ఒకే మందలో నడిచే రెండు జంతువులలో ఒకటి నమోదై రెండవది కాకపోవడానికి కారణం, జాతి నమోదు జరిగే తీరులోనే ఉన్నది.

నేపథ్యం

పల్నాడు కృష్ణానదికి దక్షిణాన, నల్లమల కొండల అంచున ఉన్న మెట్ట ప్రాంతం. పూర్వం గుంటూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయినది. నాపరాతి నేలలు, బీళ్ళు, చిట్టడవులు ఎక్కువగా ఉండడం వలన గొర్రెల పెంపకం ఇక్కడ పాత వృత్తి. పంట కోతలయిన తరువాత మందలను పల్లపు పొలాలకు తోలుకొని పోయి, రాత్రిపూట చేలలో మంద కట్టి, ఎరువుకు బదులుగా రైతుల నుండి ప్రతిఫలం పొందడం గొల్లలకు అలవాటు. తోడేలు, నక్క, చిరుతపులి, వీటన్నిటికంటె ఎక్కువగా దొంగల బెడద ఉండడం వలన కుక్క లేకుండా మంద కదలదు. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాలలోని సుగాలీ తండాలలోను, నల్లమల అంచులలోని చెంచు గూడేలలోను కుక్కల పెంపకం ఇటువంటిదే. చెంచులకు ఇవి వేటలో కూడా తోడుగా ఉండేవి.

పల్నాడు అనగానే గుర్తుకు వచ్చేది కోడిపుంజు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధ గాథలో బ్రహ్మనాయుడి పుంజుకు, నాగమ్మ పుంజుకు కూడా పేర్లు ఉన్నవి. మందను కాచిన కుక్క పేరు ఏ గాథకూ ఎక్కలేదు.

సామాన్య లక్షణాలు

భారతదేశపు నాటు కుక్కలన్నిటికీ ఉన్న లక్షణాలే వీటిలోను కనిపిస్తాయి. మధ్యరకం ఎత్తు, పొట్టి వెంట్రుకలు, సన్నని నడుము, నిక్కిన లేక సగం వాలిన చెవులు, పైకి మెలిక తిరిగిన తోక ముఖ్యమైనవి. ఎండను, అరకొర తిండిని తట్టుకొనగలవు. విదేశీ జాతులలో ఆడకుక్కలు సాధారణంగా ఏటికి రెండుసార్లు ఎదకు వస్తే, నాటు కుక్కలు ఎక్కువగా ఒక్కసారే వస్తాయి. వానాకాలం చివర చూలు కట్టి, చలికాలంలో ఈనుతాయి. ఈ లక్షణాలను ఎవరూ పనిగట్టుకొని ఎంపిక చేయలేదు. పనికి వచ్చినది బ్రతికినది, రానిది పోయినది. ఇటువంటి జంతువులను స్థానిక రకాలు అంటారు గాని, శాస్త్రీయార్థంలో జాతి అనరు.

భారత కెన్నెల్ క్లబ్బు పని

చెన్నై కేంద్రంగా పనిచేసే భారత కెన్నెల్ క్లబ్బు ప్రభుత్వ శాఖ కాదు. శునక ప్రియుల సంస్థ. అన్నిటికంటె ముఖ్యమైన పని వంశావళి పుస్తకాన్ని నిర్వహించడం. నమోదైన తల్లికి, నమోదైన తండ్రికి ఒక ఈతలో పుట్టిన పిల్లలను యజమాని క్లబ్బుకు తెలియజేస్తే, వాటికి ధ్రువపత్రాలు ఇస్తారు. గుర్తింపు కొరకు చర్మం క్రింద మైక్రోచిప్పు అమరుస్తారు. దేశంలోని వివిధ నగరాల అనుబంధ క్లబ్బులు ప్రదర్శనలు నడుపుతాయి. అక్కడ న్యాయనిర్ణేతలు కుక్కను మరొక కుక్కతో గాక, ఆ జాతికి వ్రాసిపెట్టిన ప్రమాణంతో పోల్చి చూస్తారు. చాలాకాలం ఈ ప్రదర్శనలలో ఆల్సేషియన్, లాబ్రడార్ వంటి విదేశీ జాతులదే పైచేయి. రాజపాళయం, చిప్పిపారై, కన్ని, కొంబై, ముధోల్ వంటి దేశవాళీ జాతులు తరువాతి కాలంలో ఆదరణ పొందినవి. పూర్వీకుల వివరాలు తెలియని దేశవాళీ కుక్కను న్యాయనిర్ణేతలు పరిశీలించి, జాతి లక్షణాలు ఉన్నవని తేలితే నమోదు చేసే పద్ధతి కూడా కలదు. కాని దానికి ముందుగా ఆ జాతికి ఒక ప్రమాణం ఉండాలి. పల్నాటి కుక్కకు అదే లేదు.

ప్రమాణం వలన మేలుతోపాటు కీడు కూడా ఉన్నది. రాజపాళయం కుక్కలో మచ్చలేని తెలుపును, గులాబి రంగు ముక్కును కోరి ఎంపిక చేయడం వలన, దగ్గరి రక్తసంబంధంలో దాటించడం వలన చెవుడు గల పిల్లలు పుట్టడం ఆ జాతికి పెద్ద సమస్య అయినది. వేటకు పుట్టిన కుక్క అందానికి బందీ అయిందనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ప్రభుత్వ నమోదు

హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2007-08 నుండి పశుజాతులను అధికారికంగా నమోదు చేయుచున్నది. ఇందుకు ప్రదర్శనలు, బహుమతులు అవసరం లేదు. ఆ జంతువు ఎక్కడెక్కడ ఉన్నది, సంఖ్య ఎంత, కొలతలు ఏమిటి, ఇతర జాతుల నుండి ఎట్లు వేరు, ఎవరు పెంచుతున్నారు అనే వివరాలు సర్వే చేసి సమర్పించాలి. శునకాలలో మొదట నమోదైనవి రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్. మొదటి రెండూ తమిళనాడువి, మూడవది కర్ణాటకది. తరువాత హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన గద్ది కుక్క చేరినది. గద్ది కూడా గొర్రెల మందను కాచే కుక్కే కావడం పల్నాటి విషయంలో గమనించదగినది.

మాచర్ల గొర్రెను ఈ సంస్థ 2024లో ప్రకటించిన కొత్త జాతుల జాబితాలో చేర్చినది. గొర్రె విషయంలో పని సులువు. మందలో పొట్టేలు ఏదో కాపరికి తెలుసు, తల లెక్క ఉంటుంది, మాంసానికి ధర ఉంటుంది, పశుసంవర్ధక శాఖ అధికారులు టీకాలకు వస్తారు. కుక్క విషయంలో తల్లి తెలుస్తుంది గాని తండ్రి తెలియదు. పైగా పిల్లలు పుట్టినపుడు మగవాటిని ఉంచుకొని ఆడవాటిని విడిచిపెట్టడం పల్లెలలో పరిపాటి. మంచి కాపలా కుక్క ఉన్నా దాని సంతానం ఎటు పోయినదో చెప్పగలవారు ఉండరు.

ఆంధ్రలో పేరున్న కుక్కలు

పల్నాటికి వెలుపల రాష్ట్రంలో రెండు రకాలకు గుర్తింపు ఉన్నది. మొదటిది కొల్లేటి పరిసరాలలోని జొనంగి. దీనికి వెంట్రుకలు మిక్కిలి పొట్టి, నుదుట ముడుతలు ఉంటాయి. మొరగడం తక్కువ, ఊళ వంటి కూత పెడుతుంది. నేలలో గొయ్యి త్రవ్వుకొని అందులో పడుకుంటుంది. చిన్న జంతువుల వేటకు, బాతుల మందలను తోలడానికి దీనిని వాడేవారు. కొల్లేరులో చేపల చెరువులు విస్తరించిన తరువాత బాతుల పెంపకం తగ్గి కుక్కకు పని లేకపోయినది. యజమానులు లేక తిరుగుతూ చెరువులలో చేపలు తినడంతో జొనంగులను చంపడం కూడా జరిగినది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చెరువుల గట్లను పగులగొట్టినా, పోయిన పని తిరిగి రాలేదు. రెండవది కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలోని పందికోన గ్రామపు కుక్క. కాపలాకు పెట్టింది పేరు కావడం వలన ఇతర ఊళ్ళవారు వచ్చి పిల్లలను తీసుకొనిపోతారు. ఒకే ఊరిలో కలిసి ఉండడం వలన దానికి ఊరి పేరే జాతి పేరైనది. పల్నాటి కుక్క ఏ ఒక్క ఊరిదీ కాదు.

నేటి స్థితి

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత పల్నాటి బీళ్ళలో చాలాభాగం వరి, మిరప, పత్తి చేలుగా మారినది. మేత భూమి తగ్గిన కొద్దీ మందలు, మందలతో కుక్కలు తగ్గినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించడంతో అడవి అంచు కుక్కకు ఉన్న రెండవ పని కూడా పోయినది. పట్టణాలకు దగ్గరి గ్రామాలలో ఆల్సేషియన్ వంటి కుక్కల సంకరం కలుస్తున్నది.

వీధికుక్కల సంఖ్యను అదుపు చేయడానికి 2001లో చేసిన నిబంధనల స్థానంలో 2023లో కొత్త జంతు జనన నియంత్రణ నిబంధనలు వచ్చినవి. వీటి ప్రకారం కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటనే విడిచిపెట్టాలి. రేబిస్ నివారణకు ఇది అవసరమైన పని. అయితే మందతోపాటు ఊరూరా తిరిగే కాపలా కుక్కకు మెడపట్టీ ఉండదు, కాగితం ఉండదు, వీధికుక్కకు దీనికి తేడా చూపే గుర్తు ఏదీ ఉండదు. మంద దిగిన ఊరిలో శస్త్రచికిత్స బృందం వచ్చిన రోజున, ఆ కుక్క ఎవరిదో చెప్పడానికి కాపరి దగ్గర ఉండాలి.