పిల్లలకు మీరేమవుతారు?

పోయిన వేసవిలో ఒక రాత్రి యారాడలో మా పాపకు జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. మూడేళ్ల పిల్ల. మా ఊరు తెలిసినవాళ్లకు ఆ కంగారు వేరే చెప్పక్కర్లేదు. ఒక పక్క సముద్రం, మిగతా మూడు పక్కలా కొండలు. ఘాట్ రోడ్డెక్కి, మలుపులన్నీ తిరిగి, సింధియా వైపు దిగితే గానీ పెద్దాసుపత్రి దొరకదు. తమ్ముడు కారు నడిపాడు. పాపను ఒళ్లో వేసుకుని నేను వెనక కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు చూసి, "అవసరమైతే వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేయాలి, సంతకం పెట్టండి" అన్నారు. పెన్ను తీసుకున్నాక కౌంటర్లో అతను అడిగాడు.

"పాపకు మీరేమవుతారండీ?"

"పిన్నిని" అన్నాను.

"అమ్మగానీ నాన్నగానీ ఉండాలండీ."

మా పాపకు నాన్న లేడు, అమ్మలిద్దరు. కన్నతల్లి ఆ రాత్రి ఆఫీసు పనిమీద హైదరాబాద్‌లో ఉంది. రెండో అమ్మను నేనే. ఆ మాట కౌంటర్ దగ్గర చెప్పినా కాగితం ఒప్పుకోదు. అతన్ని తప్పు పట్టను, తన పని తను చేశాడు. తెల్లారేసరికి జ్వరం దిగింది, పరీక్ష అక్కర్లేకపోయింది. కానీ "ఏ దేశం వెళ్దాం?" అని ఏడాదిగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న చర్చ ఆ రాత్రితో మారిపోయింది.

ఇక్కడ మా లెక్క ఏంటి?

మేమిద్దరం సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లం. ఆరేళ్లుగా కలిసి ఉంటున్నాం. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చాక మా బంధం నేరం కాకుండా పోయింది. అంతవరకే. 2023 అక్టోబర్ 17న పెళ్లి హక్కు కేసులో అయిదుగురు జడ్జిల బెంచ్ ఆ హక్కు ఇవ్వలేమంది. దత్తత విషయంలో 3-2తో కాదంది. ఆ కేసు వేసినవాళ్లలో ముందున్న సుప్రియో, అభయ్ మన హైదరాబాద్ వాళ్లే. రివ్యూ పిటిషన్లను కూడా 2025 జనవరిలో కొట్టేశారు.

మరి పిల్లలెలా వచ్చారంటారా? 2021 నాటి సంతాన సాఫల్య చికిత్సల చట్టం ఒంటరి మహిళకు అవకాశం ఇస్తుంది. తను ఆ దారిలో పాపను, తర్వాత బాబును కంది. తండ్రి పేరు లేకుండా బర్త్ సర్టిఫికెట్ ఇవ్వాలని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పాస్‌పోర్టుకూ తల్లి పేరొక్కటే చాలు. అంటే కాగితాల్లో తను ఒంటరి తల్లి. నేను అదే ఇంట్లో ఉండే ఎవరో ఒక మనిషిని.

దేశాల జాబితా

మొదట్లో మేం ఎక్సెల్ షీట్ వేసుకున్నాం. జీతం, అద్దె, చలి, తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారు, ఇలా పద్నాలుగు కాలమ్స్. ఆ రాత్రి తర్వాత అన్నీ తీసేసి ఒకే కాలమ్ ఉంచాం: తనకు రేపేదైనా అయితే పిల్లలు ఎవరి దగ్గరుంటారు?

దుబాయ్ మొదటే పోయింది. అక్కడ మా బంధమే నేరం. సింగపూర్ 2022లో నేరం కాదంది గానీ, పెళ్లంటే ఆడామగా మధ్యనే అన్న నిర్వచనానికి రాజ్యాంగంలోనే రక్షణ పెట్టుకుంది. అమెరికాలో 2015 నుంచి దేశమంతా పెళ్లి చెల్లుతుంది, డాలస్‌లో మా బ్యాచ్ వాళ్లు బోలెడుమంది. కానీ హెచ్-1బీ లాటరీ తగలాలి. డిపెండెంట్ వీసా కావాలంటే ముందు పెళ్లయి ఉండాలి, ఆ పెళ్లి ఇక్కడ జరగదు.

కెనడాలో 2005 నుంచి పెళ్లి హక్కుంది. మాకు పనికొచ్చింది మాత్రం ఇంకోటి. పెళ్లి లేకపోయినా, ఏడాదిపాటు భార్యాభర్తల్లా కలిసి ఉన్నట్టు రుజువు చూపిస్తే అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లు భాగస్వాములుగానే చూస్తారు. వెళ్లాక నేను పిల్లల్ని దత్తత తీసుకోవచ్చు. అప్పుడు నా పేరు తల్లిగా పడుతుంది.

రుజువంటే ఏంటి? ఇద్దరి పేరున అద్దె అగ్రిమెంటు, కరెంటు బిల్లు, జాయింట్ ఖాతా. స్వలింగ జంటలు జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మర్నాడే వెళ్లి తెరిచాం.

వెళ్లేదాకా?

కెనడా అప్లికేషన్ తేలేదాకా ఆసుపత్రి కౌంటర్లు ఆగవు కదా. లాయర్‌ని అడిగితే ఒక పాత చట్టం చూపించారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం, పెళ్లికాకుండా పిల్లల్ని కన్న తల్లి తన తర్వాత వాళ్లకు గార్డియన్ ఎవరో వీలునామాలో రాయొచ్చు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. గొడవొస్తే పిల్లల మేలు చూసి కోర్టే తేలుస్తుంది. అయినా అసలేమీ లేనిదానికంటే ఇది నయం. ఇలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు ముందు ఈ ఒక్క పని చేయండి, దేశం సంగతి తర్వాత.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక కేసొచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరమ్మాయిల్లో ఒకర్ని తండ్రి నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించారని రెండో అమ్మాయి పిటిషన్ వేసింది. తోడెవరో ఎంచుకునే హక్కు ఆ మేజర్ అమ్మాయిదేనని కోర్టు చెప్పింది. నర్సీపట్నం మాకెంత దూరం? అది చదివాక మా అమ్మ మొదటిసారి మా గురించి తనంతట తానే అడిగింది: "కోర్టు ఒప్పుకుందేటి?"

వీలునామా రాసిన రోజు రెండో సాక్షి దొరకలేదు. ఊళ్లో ఎవరిని అడుగుతాం? మా అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాగితం మొత్తం చదివించుకుంది. "పిల్లలకి గార్డియన్ నువ్వా?" అంది. ఔనన్నాను.

"ఎక్కడ పెట్టాలి సంతకం?" అంది.

మా అప్లికేషన్ ఇంకా నడుస్తోంది. కొండ దాటి పోవాల్సిందేనని తెలుసు. పాప మాత్రం ఈ మధ్య నన్ను పిన్ని అనడం మానేసింది. మా అమ్మే మాన్పించింది.